మోగగానే ‘ఎంత టైముంది’ అన్నది తెలియాలి: అలారం శబ్దాలు తయారుచేసేవాళ్లకు ఒక ఐసీయూ నర్సు బహిరంగ లేఖ

వైద్య పరికరాలకు అలారం శబ్దాలు రూపొందించే ఇంజనీర్లకు, ఆ శబ్దాలకు ప్రమాణాలు రాసే కమిటీల సభ్యులకు,

నమస్కారం.

నేను పద్నాలుగేళ్లుగా ఐసీయూలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. నా డ్యూటీ అంతా మీరు చేసిన శబ్దాల మధ్యే గడుస్తుంది. ఇంటికెళ్లి పడుకున్నాక కూడా అవి కాసేపు చెవుల్లో మోగుతూనే ఉంటాయి. మీతో నేరుగా మాట్లాడే అవకాశం మాకు ఎప్పుడూ రాలేదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు ఒక రాత్రి సంగతి చెప్తాను. తెల్లవారుజామున మూడు దాటింది. నాకు ఇద్దరు పేషెంట్లు. ఒకాయన వెంటిలేటర్ మీద ఉన్నారు. బీపీ పడిపోకుండా ఆయనకు సిరంజి పంపులో నార్ అడ్రినలిన్ వెళ్తోంది. పక్క బెడ్‌లో పెద్దావిడ. ఆవిడ గొంతుకు గొట్టం వేశారు, అందులో కఫం అడ్డుపడితే సక్షన్ చేస్తున్నాను. రెండు చేతులకూ గ్లౌజులు, ఒక చేతిలో సక్షన్ గొట్టం, చూపంతా ఆవిడ ముఖం మీదే. అప్పుడు నా వెనకాల ఒక పంపు మోగింది. మూడు బీపులు, కాస్త ఆగి మళ్లీ మూడు బీపులు. పెద్దావిడకు ఎక్కుతున్న యాంటీబయాటిక్ కూడా ఆ టైముకే పూర్తవ్వాలి. అదే అయ్యుంటుంది, ఇది ముగించి చూద్దాం అనుకున్నాను.

మోగింది యాంటీబయాటిక్ పంపు కాదు, నార్ అడ్రినలిన్ పంపు. సిరంజి అయిపోవస్తోందని దాని తెర మీద పసుపు అక్షరాలతో రాసే ఉంది, కానీ నా వీపు అటు ఉంది. నేను తిరిగి చూసింది మానిటర్ ఎర్రగా మెరిసి గట్టిగా మోగినప్పుడే. పై బీపీ 58. మరో సిరంజి సిద్ధంగా ట్రేలోనే ఉంది కాబట్టి వెంటనే మార్చగలిగాను, పక్క క్యూబికల్ నుంచి ఇంకో సిస్టర్ పరిగెత్తుకొచ్చింది. బీపీ మళ్లీ నిలబడటానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఆయన కోలుకుని వార్డుకు వెళ్లారు. నేను ఇన్సిడెంట్ ఫారం నింపి, ‘అలారంకు స్పందించడంలో నర్సు ఆలస్యం’ అని రాసి సంతకం పెట్టాను. రాసింది అబద్ధం కాదు. కానీ ఆ ఫారంలో శబ్దం గురించి రాయడానికి గడి లేదు.

ఆ రెండు పంపులూ ఒకే మోడల్‌వి. యాంటీబయాటిక్ అయిపోయినా ఆ మూడు బీపులే, నార్ అడ్రినలిన్ అయిపోవస్తున్నా ఆ మూడు బీపులే. మొదటిదానికి అరగంట ఆగి వెళ్లినా ఏమీ కాదు. రెండోది రక్తంలోకి వెళ్లాక రెండు మూడు నిమిషాల్లోనే సగం అయిపోతుంది, అందుకే అది క్షణం కూడా ఆగకూడదని మాకు మొదటి రోజే నేర్పుతారు. మాకు తెలిసిన ఈ తేడా పంపుకు తెలియదు. తెలిసినా దాని గొంతులో పలకదు.

నేను మిమ్మల్ని అడిగేది ఇదొక్కటే. వెనక్కి తిరిగి చూడకుండానే, తెర చదవకుండానే, శబ్దాన్ని బట్టి నా దగ్గర ఎంత టైముందో నాకు అర్థం కావాలి. చేతిలో పని పూర్తిచేసి వెళ్లొచ్చా, సగంలో వదిలి పరిగెత్తాలా? ఏ పంపు, ఏ మందు, ఏ విలువ తప్పింది అన్నవి దగ్గరికెళ్లాక చదువుకుంటాను. టైము సంగతి మాత్రం ముందు చెవికే తెలియాలి.

ఇది మీకు కొత్త విషయం కాదని నాకు తెలుసు. వైద్య పరికరాల అలారాలకు మీరు పాటించే అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60601-1-8 అలారాలను మూడు తరగతులు చేసింది. తరగతి తేల్చేటప్పుడు రెండే చూడమంది: పట్టించుకోకపోతే ఎంత హాని జరుగుతుంది, ఆ హాని ఎంత త్వరగా జరుగుతుంది. ప్రాణాపాయం, అదీ తక్షణం అయితే పై తరగతి, పది పల్సుల (అంటే బీపుల) శబ్దం. మధ్య తరగతికి మూడు పల్సులు, కింది తరగతికి ఒకటి లేదా రెండు. చదివితే నేను అడుగుతున్నది ఇదే కదా అనిపిస్తుంది. కానీ తరగతి నిర్ణయించేది ఫ్యాక్టరీలో. ‘ఇన్ఫ్యూజన్ (పంపు ఎక్కించే మందు) అయిపోవస్తోంది’ అన్నది అక్కడ ఒకే సంఘటన. మా బెడ్ దగ్గరికి వచ్చేసరికి అది పది రకాలు. మందుల జాబితా లోపలే పెట్టుకున్న పంపులు ఇప్పుడు చాలా ఉన్నాయి. ఏ మందు వెళ్తోందో పంపుకు తెలిసినప్పుడు దాన్ని బట్టి గొంతు మార్చడం పెద్ద కష్టమా?

ఒకే శబ్దానికి రెండు అర్థాలుంటే ఏం జరుగుతుందో విమానాలవాళ్లు మనకంటే ముందే చూశారు. 2005 ఆగస్టు 14న సైప్రస్‌లోని లార్నాకా నుంచి బయలుదేరిన హీలియోస్ ఎయిర్‌వేస్ 522 విమానంలో పైకి వెళ్తుండగా హారన్ మోగింది. అది బోయింగ్ 737. ఆ హారన్ నేల మీద మోగితే టేకాఫ్‌కు సెట్టింగులు సరిగా లేవని అర్థం. గాలిలో మోగితే క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పడిపోతోందని అర్థం. పైలట్లు దాన్ని మొదటి అర్థంలోనే తీసుకున్నారు. ఒత్తిడి తగ్గుతున్నప్పుడు మనిషి స్పృహలో ఉండేది కొద్ది నిమిషాలే. విమానంలో ఉన్న 121 మందీ చనిపోయారు. ఆ ప్రమాదం మీద వచ్చిన నివేదిక గురించి చదివినప్పుడు నాకు నా రెండు పంపులు గుర్తొచ్చాయి. వాళ్లకు శబ్దం వినపడింది. గట్టిగానే వినపడింది. కానీ అది ఎంత అర్జెంటో అందులో లేదు.

ఎయిర్ ఫ్రాన్స్ 447 సంగతి ఇంకా బాధాకరం. 2009 జూన్ 1న అది అట్లాంటిక్‌లో పడిపోయింది, 228 మంది పోయారు. విమానం గాలిలో పట్టు కోల్పోతోందని చెప్పే స్టాల్ హెచ్చరిక అందులో చాలాసేపు మోగింది. తర్వాత వేగం రీడింగ్ మరీ తక్కువకు పడిపోతే కంప్యూటర్ ఆ రీడింగును నమ్మదగనిదిగా లెక్కగట్టి హెచ్చరికను ఆపేసింది. పైలట్ ముక్కు కిందికి దించినప్పుడు, అంటే సరైన పని చేసినప్పుడు, వేగం కాస్త పెరిగి హెచ్చరిక మళ్లీ మొదలైంది. సరైన పని చేస్తే మోత, తప్పు పని చేస్తే నిశ్శబ్దం. శబ్దం ఎప్పుడు మోగాలి అని మీరు ఎంత ఆలోచిస్తారో, ఎప్పుడు ఆగాలి అన్నదాని మీద కూడా అంతే ఆలోచించాలని ఈ ఒక్క ఘటన చాలు చెప్పడానికి. మాకూ ఇది అనుభవమే. అలారం ఆగితే మా మనసు ‘సర్దుకుంది’ అనుకుంటుంది. కొన్నిసార్లు ఆక్సిజన్, నాడి కొలిచే ప్రోబు (క్లిప్పు) వేలి నుంచి జారిపోయి ఉంటుంది, అంతే.

విమానాలవాళ్ల దగ్గర నేర్చుకోవాల్సిన మంచి కూడా ఉంది. ఒకప్పుడు కాక్‌పిట్‌లలో గంటలు, హారన్లు చెవులు బద్దలయ్యేలా మోగేవి. అవి మోగితే పైలట్లు చేసే మొదటి పని సమస్య ఏమిటో చూడటం కాదు, శబ్దం ఆపడం. 1982లో రాయ్ ప్యాటర్సన్ అనే వినికిడి పరిశోధకుడు బ్రిటన్ పౌర విమానయాన సంస్థ కోసం దీని మీద మార్గదర్శకాలు రాశారు. చుట్టూ ఉన్న చప్పుడులో ఒక శబ్దం అప్పుడే వినపడటం మొదలయ్యే స్థాయి ఒకటుంటుంది. హెచ్చరిక దానికి 15 డెసిబెళ్లు పైన ఉంటే తప్పకుండా వినపడుతుంది, 25 దాటాల్సిన పని లేదన్నారు. శబ్దం ఒక్కసారిగా మీద పడకూడదు, మెల్లగా ఎత్తుకోవాలి. మధ్యమధ్య ఖాళీ ఉండాలి, ఆ ఖాళీలో మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకోగలగాలి. ఈ చివరి మాట దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. కార్డియాక్ అరెస్ట్ జరుగుతున్నప్పుడు డాక్టర్ చెప్పే డోసు వినపడక ‘ఎంత? మళ్లీ చెప్పండి’ అని నేను అరిచిన సందర్భాలు ఎన్నో. ఆ క్షణంలో అలారం మోగాల్సిన అవసరమే లేదు. అందరం అక్కడే ఉన్నాం కదా.

ఇక తప్పుడు అలారాల గురించి. మీకు ‘నాన్నా పులి’ కథ తెలుసు. ఆ కథలో నాన్న రెండుసార్లు పరిగెత్తుకొచ్చి మోసపోయాడు, మూడోసారి రాలేదు. మేం షిఫ్టుకు ఎన్నిసార్లు మోసపోతామో లెక్క వేసినవాళ్లున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఆసుపత్రిలో 77 ఐసీయూ బెడ్ల మానిటర్లను 31 రోజులు పరిశీలించి 2014లో ఫలితాలు ప్రచురించారు. మొత్తం 25,58,760 అలారాలు. అందులో చెవికి వినపడేవి బెడ్‌కు రోజుకు 187. గుండె లయ తప్పిందన్న అలారాలు 12,671 తీసుకుని ఒక్కొక్కటీ చూస్తే, వాటిలో 88.8 శాతం ఉత్తవే.

నా దగ్గరే జరిగింది ఒకటి చెప్తాను. ఒకసారి ఒక బెడ్ నుంచి గుండె ఆగిపోయిందన్న అలారం, అన్నిటికంటే పై శబ్దం. పరిగెత్తుకెళ్లాను. పేషెంట్ మంచం మీద కూర్చుని మంచినీళ్లు తాగుతున్నారు. ‘ఏమైంది సిస్టర్, ఎందుకలా వచ్చారు?’ అన్నారు. చెమటకు ఛాతీ మీది స్టిక్కర్ ఊడింది. మానిటర్‌కు గీత కనపడలేదు, గుండె ఆగిందనుకుంది. పక్కనే వేలి ప్రోబు నుంచి నాడి చక్కగా వస్తోంది, అదే తెర మీద. ఒక కన్ను ఇంకో కన్నును అడిగినా చాలు, ఆ శబ్దం మోగేది కాదు. స్టిక్కర్ ఊడటం కూడా నాకు తెలియాలి, కాదనను. కానీ స్టిక్కర్ ఊడినట్టు తెలియాలి, మనిషి పోయినట్టు కాదు.

ఇలా పదేపదే జరిగితే మేం నిర్లక్ష్యం చేస్తామని అనుకోకండి. 1995లో బ్లిస్, గిల్సన్, డీటన్ అనే పరిశోధకులు చూపించిందేమిటంటే, అలారం ఎంత శాతం నిజమవుతుందో చాలామంది దాదాపు అంత శాతం సార్లే స్పందిస్తారు. ఎవరూ కూర్చుని ఇలా నిర్ణయించుకోరు. మనసే లెక్క వేసుకుంటుంది. అంటే తప్పుడు అలారం ఒక్కొక్కటీ మా జాగ్రత్తలోంచి కొంచెం తీసేసుకుంటుంది, మేం ఎంత మంచివాళ్లమైనా సరే. అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపు ఇచ్చే జాయింట్ కమిషన్ 2013 ఏప్రిల్‌లో హెచ్చరిక జారీ చేస్తూ, 2009 జనవరి నుంచి 2012 జూన్ దాకా అలారాలతో ముడిపడిన 98 ఘటనలు తమ దృష్టికి వచ్చాయని, వాటిలో 80 మంది చనిపోయారని చెప్పింది. అవి వాళ్లకు చెప్పినవి మాత్రమే.

మీ భయం నాకు అర్థమవుతుంది. మోగాల్సినప్పుడు మోగకపోతే నింద మీ మీదకొస్తుంది. అక్కర్లేకుండా మోగితే ఎవరూ మిమ్మల్ని అడగరు. అందుకే సందేహం వస్తే మోగించేస్తారు, గట్టిగా మోగిస్తారు. ఆ భారం మీ టేబుల్ మీంచి దిగి మా చెవుల్లోకి, మా పేషెంట్ల నిద్రలోకి వస్తోంది. రాత్రిపూట వార్డులో సగటు చప్పుడు 30 డెసిబెళ్లు ఉంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం. మా దగ్గర అంత నిశ్శబ్దం నేను ఒక్క రాత్రి కూడా వినలేదు. ఒక పెద్దావిడ ప్రతి అలారానికీ కళ్లు తెరిచి ‘సిస్టర్, ఆ మోత నాకేనా?’ అని అడిగేది. కాదమ్మా, పక్కావిడది అని చెప్తే పడుకునేది. పది నిమిషాలకు మళ్లీ. ఆవిడ బెడ్‌లో ఉన్నన్నాళ్లూ ఒక గంట కుదురుగా నిద్రపోయి ఉండదు.

మావైపు లోపాలూ ఉన్నాయి. స్టిక్కర్లు రోజూ మార్చాలి, మార్చం. ఒక్కో పేషెంట్‌కు తగ్గట్టు అలారం హద్దులు సెట్ చేయాలి, ఫ్యాక్టరీ సెట్టింగే వదిలేస్తాం. వీటి గురించి మా ఆసుపత్రులవాళ్లతో మేం మాట్లాడుకుంటాం. శబ్దం మాత్రం మీ చేతిలోనే ఉంది.

మంచి శబ్దం ఎలా ఉంటుందో మీరే మాకు ఒకటి ఇచ్చారు. పల్స్ ఆక్సీమీటర్ బీప్. నాడి కొట్టుకున్నప్పుడల్లా ఒక చిన్న స్వరం, రక్తంలో ఆక్సిజన్ తగ్గేకొద్దీ ఆ స్వరం కిందికి జారుతుంది. ఆపరేషన్ థియేటర్‌లో నాకు నచ్చే సన్నివేశం ఇది: సర్జన్, మత్తు డాక్టర్, నర్సులు ఎవరి పనిలో వాళ్లుంటారు, ఎవరూ మానిటర్ చూడరు. స్వరం ఒక్క మెట్టు దిగుతుంది. ఎవరూ ఏమీ అనకుండానే మత్తు డాక్టర్ చెయ్యి గొట్టం మీదకు వెళ్తుంది. ఇంకో మెట్టు దిగితే సర్జన్ కూడా తలెత్తుతాడు. అక్కడ ఇంకా అలారం మోగలేదు. ఎంత తగ్గిందో, ఎంత వేగంగా తగ్గుతోందో ఆ శబ్దమే చెప్పింది, ఎవరినీ ఉలిక్కిపడేలా చేయకుండా. దీన్ని చేసినవాళ్లకు నేను చేతులెత్తి నమస్కారం పెడతాను.

అదే బుద్ధి మిగతా శబ్దాలకూ పెట్టండి. శబ్దంలో అర్జెన్సీ ఎక్కడుంటుందో మీ రంగంవాళ్లే కొలిచి పెట్టారు. జూడీ ఎడ్‌వర్తీ, ఆమె సహచరులు 1991లోనూ ఆ తర్వాతా చేసిన ప్రయోగాల్లో తేలింది ఏమిటంటే, పల్సుల మధ్య ఎడం తగ్గి లయ వేగం పెరిగితే మనిషికి తొందర గట్టిగా తెలుస్తుంది. స్వరం హెచ్చితే, ఎక్కువసార్లు మోగితే, శబ్దంలో గరుకుతనం ఉంటే కూడా. అన్నిటిలో వేగమే బలమైనది, కొంచెం పెంచినా తెలిసిపోతుంది. అంటే మోత పెంచకుండానే తొందర పెంచవచ్చు. ఇది మనకు పిలుపులోనే తెలుసు. అమ్మ ఒకే పేరును అన్నానికి రమ్మని ఒకలా పిలుస్తుంది, బిడ్డ మెట్ల అంచుకు వెళ్తుంటే ఇంకోలా పిలుస్తుంది. పేరు అదే. రెండోదానికి పక్కింటివాళ్లు కూడా లేచి వస్తారు.

సిరంజిలో అరగంటకు సరిపడా మందు ఉన్నప్పుడు మెత్తగా రెండు స్వరాలు ఒక్కసారి వినపడితే చాలు. పది నిమిషాలుంటే మళ్లీ అదే, కాస్త వేగంగా. మూడు నిమిషాలకు వచ్చిందంటే అప్పుడు నన్ను పిలవండి, చేతిలో ఉన్నది వదిలి వచ్చేలా పిలవండి. యాంటీబయాటిక్ అయితే ఆ మొదటి మెత్తటి పిలుపు దాటి ఎప్పుడూ వెళ్లకూడదు. ఆ రాత్రి నాకు కావలసింది ఇదే.

గతంలో ప్రమాణంలో చేర్చిన చిన్నచిన్న రాగాలు మాకు పనికిరాలేదని కూడా చెప్పాలి. గుండెకు ఒక రాగం, శ్వాసకు ఒకటి, ఆక్సిజన్‌కు ఒకటి. లయ అన్నిటికీ ఒకటే, స్వరాలు మాత్రమే తేడా. సంగీతం తెలిసినవాళ్లకు తప్ప ఎవరికీ గుర్తుండేవి కావు. వాటి రూపకల్పనలో ఉన్న డాక్టర్ ఫ్రాంక్ బ్లాక్ 2008లో ఒక వైద్య పత్రికలో బహిరంగంగా క్షమాపణ చెప్పారు. ఆయన మీద నాకు గౌరవం పెరిగింది. 2020 సవరణలో గుండెకు గుండె చప్పుడు, మందులకు మాత్రల డబ్బా గలగల లాంటి శబ్దాలు వచ్చాయి. ఇవి చెవికి వెంటనే అందుతాయి, త్వరగా పరికరాల్లోకి తీసుకురండి. అయితే ఇవి చెప్పేది ‘సమస్య ఏమిటి’ అన్నది మాత్రమే. ఎంత టైముంది అన్నది వాటిలో కూడా గట్టిగా పలకాలి.

ఇంకో మాట, ఎవరి చెవులతో పరీక్షిస్తున్నారు అన్నది. ఇళ్లలో పెట్టే పొగ అలారాలు చాలాకాలం 3,100 హెర్ట్జ్ దగ్గర కీచుమని మోగేవి. నిద్రపోతున్న పిల్లలు, వినికిడి తగ్గిన పెద్దవాళ్లు చాలామంది దానికి లేవరని, 520 హెర్ట్జ్ చుట్టూ ఉండే బొంగురు శబ్దానికి బాగా లేస్తారని పరీక్షిస్తేనే తెలిసింది. మెలకువగా ఉన్న కుర్రవాళ్లకు నిశ్శబ్దమైన గదిలో హెడ్‌ఫోన్లు పెట్టి వినిపిస్తే ఇది బయటపడేది కాదు. మా నర్సుల్లో యాభై దాటినవాళ్లున్నారు. వరసగా నాలుగో నైట్ చేస్తున్నవాళ్లుంటారు. సక్షన్ హోరు, వెంటిలేటర్ బుస, పక్క బెడ్ మానిటర్, ఫోను, వీటన్నిటి మధ్య మేం మీ శబ్దాన్ని వింటాం, అదీ వీపు తిప్పి.

కాబట్టి కొత్త శబ్దాన్ని ఖాయం చేసే ముందు దాన్ని తీసుకుని ఏదైనా ఐసీయూకు రండి. తెల్లవారుజామున మూడింటికి, రెండు చేతులకూ గ్లౌజులతో పనిలో ఉన్న నర్సు వెనకాల నిలబడి మోగించండి. ఏ పరికరం అని అడగకండి. ‘సిస్టర్, మీ దగ్గర ఎంత టైముంది?’ అని అడగండి. ఆమె తిరిగి చూడకుండా జవాబు చెప్పగలిగితే దాన్ని ప్రమాణంలో రాయండి. చెప్పలేకపోతే వెనక్కి తీసుకెళ్లి మళ్లీ చేయండి.

నైట్ డ్యూటీ ఎనిమిదింటికి మొదలవుతుంది. ఏడున్నరకు వస్తే హ్యాండోవర్ కూడా వినొచ్చు.

ఇట్లు,
ఒక ఐసీయూ స్టాఫ్ నర్సు